ఐదుగురు కలిస్తే నేరం: జైళ్ల నుంచి క్వేకర్లు అచ్చేసిన కరపత్రాలు

1670 ఆగస్టు 14, ఆదివారం. లండన్‌లోని గ్రేస్‌చర్చ్ వీధిలో ఒక ప్రార్థనా మందిరానికి సైనికులు తాళం వేసి కాపలా కాస్తున్నారు. వచ్చినవాళ్లు ఇంటికి తిరిగిపోలేదు. మూసిన తలుపు ముందే, వీధిలోనే నిలబడిపోయారు. విలియం పెన్ అనే పాతికేళ్ల యువకుడు వాళ్లతో దేవుడి గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. కాసేపటికే ఆయన్నీ, విలియం మీడ్ అనే బట్టల వ్యాపారినీ పట్టుకుపోయారు.

ఆ ఏడాదే ఇంగ్లండ్ పార్లమెంటు కన్వెంటికిల్ చట్టాన్ని కొత్తగా బిగించింది. దాని లెక్క ఇదీ. ఇంట్లోవాళ్లు కాకుండా పదహారేళ్లు దాటినవాళ్లు ఐదుగురు, లేదా అంతకంటే ఎక్కువమంది ఒకచోట చేరి, సర్కారు చర్చి పద్ధతిలో కాకుండా వేరేగా ఆరాధన చేస్తే నేరం. హాజరైన ఒక్కొక్కరికి మొదటిసారి 5 షిల్లింగులు, ఆ తర్వాత 10 షిల్లింగులు జరిమానా. బోధించినవారికి 20 పౌండ్లు, రెండోసారి 40. చోటు ఇచ్చిన ఇంటి యజమానికి మరో 20. అప్పట్లో 5 షిల్లింగులంటే రోజుకూలీకి దాదాపు వారం సంపాదన. కట్టకపోతే ఇంట్లో సామాను జప్తు. పేదవాడు కట్టలేని మొత్తాన్ని అదే సభకు వచ్చిన ఇంకొకరి నుంచి కూడా లాగొచ్చు. అన్నిటికంటే పదునైనది చివరి క్లాజు. వసూలైన సొమ్ములో మూడోవంతు సమాచారం ఇచ్చినవాడికి పోతుంది. పక్కింటివాళ్ల ఇబాదత్ మీద కన్నేసి ఉంచడం కొందరికి మంచి దందా అయింది.

ఈ చట్టాల దెబ్బ ఎక్కువగా తిన్నవాళ్లు క్వేకర్లు. దెబ్బ తిన్న ప్రతిసారీ వాళ్లు చేసిన పని ఒకటుంది. జరిగింది రాసి, అచ్చేసి, పంచారు. దేవుణ్ని కొలిచే విషయంలో ప్రభుత్వం ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చు అనే ప్రశ్నను సంతల్లో, కోర్టు మెట్ల మీద, పార్లమెంటు గుమ్మంలో పెట్టింది ఆ చిన్న చిన్న కరపత్రాలే.

ఎవరీ క్వేకర్లు?

1650ల మొదట్లో ఉత్తర ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ చుట్టూ చేరిన క్రైస్తవులు వీళ్లు. ఫాక్స్ కుర్రతనంలో చెప్పులు కుట్టేవారి దగ్గర పని నేర్చుకున్నారు. వాళ్లు తమను ఫ్రెండ్స్ అని పిలుచుకునేవారు. క్వేకర్, అంటే వణికేవాడు, అనేది 1650లో డెర్బీలో ఒక జడ్జి ఎగతాళిగా పెట్టిన పేరు. దేవుడి మాట వింటే వణకాలని ఫాక్స్ అన్నందుకు వచ్చిన వెక్కిరింత అది. చివరికి అదే స్థిరపడింది.

వాళ్లకు పాదరీలు లేరు. మౌనంగా కూర్చుంటారు. ప్రేరణ కలిగినవారు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, లేచి మాట్లాడతారు. ఏ దొర ముందూ టోపీ తీయరు, దేవుడి ముందు తప్ప. వారాలను కూడా దేవతల పేర్లతో పిలవకుండా మొదటి రోజు, రెండో రోజు అంటారు. అరబీలో ఆదివారాన్ని ఏమంటారో తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. చర్చికి పంటలో పదోవంతు కట్టరు. ఒట్టు వేయరు. ఈసా బోధ ప్రకారం అవునంటే అవును, కాదంటే కాదు, అంతే.

ఈ ఒట్టు విషయమే వాళ్లకు ఉచ్చు అయింది. వేరే కేసు ఏదీ నిలవకపోతే జడ్జి రాజభక్తి ప్రమాణం చేయమనేవాడు. చేయరు కదా. దాంతో ఆస్తి జప్తు, జైలు. తర్వాతి రోజుల్లో ఫాక్స్ భార్య అయిన మార్గరెట్ ఫెల్‌కు 1664లో ఇలాగే శిక్ష పడింది. నాలుగేళ్లు లాంకాస్టర్ కోటలో ఉన్నారు. ఆడవాళ్లు మతసభల్లో మాట్లాడొచ్చని వాదించే పుస్తకం ఆ ఖైదులోనే రాశారు. అది 1666లో అచ్చయింది.

వాళ్లు మరీ మెత్తని మనుషులేమీ కాదు. తొలి రోజుల్లో కొందరు చర్చిలోకి వెళ్లి ప్రసంగం మధ్యలోనే పాదరీని నిలదీసేవాళ్లు. పాదరీల గురించి కరపత్రాల్లో వాడిన భాష చదివితే ఇప్పటికీ ఘాటు తగులుతుంది. అయితే దానికి పడిన శిక్షలు ఏ కొలతకూ అందవు. 1656లో జేమ్స్ నేలర్ అనే బోధకుడు ఈసా యెరూషలేం ప్రవేశాన్ని తలపించేలా బ్రిస్టల్ నగరంలోకి గుర్రం మీద వచ్చారు. పార్లమెంటు దాన్ని దైవదూషణగా తీర్మానించి, కొరడాలతో కొట్టించి, నుదుట అక్షరం కాల్చి, కాల్చిన ఇనుముతో నాలుకకు రంధ్రం పొడిపించింది.

బాధలకు ఖాతా పుస్తకం

క్వేకర్ల కరపత్రాల్లో వేదాంతం చాలానే ఉంది. కానీ వాటి అసలు బలం లెక్కల్లో ఉంది. ఎవరిని పట్టుకున్నారు, ఏ రోజు, ఏ ఊళ్లో, ఏ అధికారి వచ్చాడు, జరిమానా ఎంత, బదులుగా ఎత్తుకుపోయింది ఏంటి, దాని ఖరీదెంత. ఆవు, పరుపు, వంట పాత్రలు, చేతివృత్తి పనిముట్లు. చిన్న జరిమానాకు పెద్ద ఖరీదైన వస్తువు పట్టుకుపోతే ఆ తేడా కూడా రాశారు. ఏ ఊరి జమాత్ ఆ ఊరి లెక్క రాసి లండన్‌కు పంపేది. 1670ల మధ్య నుంచి ఈ పని కోసమే లండన్‌లో ఒక కమిటీ కూర్చునేది. దాని పేరే మీటింగ్ ఫర్ సఫరింగ్స్, అంటే బాధల సభ. ఆ చిట్టాల ఆధారంగానే 1753లో జోసెఫ్ బెస్ రెండు పెద్ద సంపుటాలు వేశారు.

ఏడుపు రాతలను పాలకులు పక్కన పడేయొచ్చు. తేదీ, పేరు, రూకలతో సహా ఉన్న కాగితాన్ని కాదనాలంటే జవాబు చెప్పాల్సి వస్తుంది. అలాంటి ఒక కాగితం 1659లో పార్లమెంటుకు అందింది. అప్పుడు జైళ్లలో ఉన్న 140 మందికి పైగా క్వేకర్ల వివరాలు అందులో ఉన్నాయి. దాంతోపాటు 164 మంది సంతకాలు చేసి ఒక విన్నపం పెట్టారు: వాళ్లను వదిలేయండి, వాళ్ల బదులు మనిషికి మనిషి చొప్పున మేం లోపల కూర్చుంటాం. పార్లమెంటు ఒప్పుకోలేదు.

అచ్చు పని కూడా నేరమే. 1662 చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏదీ ముద్రించకూడదు. క్వేకర్ ముద్రాపకుడు ఆండ్రూ సోల్ ప్రెస్ మీద పదేపదే దాడులు జరిగాయి. 1691లో ఆ ప్రెస్‌ను ఆయన కూతురు టేస్ చేతిలోకి తీసుకుని నడిపించారు.

బోస్టన్‌లో ఒకటి, సుల్తాన్ దర్బారులో ఇంకొకటి

1656లో మేరీ ఫిషర్, ఆన్ ఆస్టిన్ అనే ఇద్దరు క్వేకర్ స్త్రీలు అమెరికాలోని బోస్టన్‌లో దిగారు. ఫిషర్ అంతకుముందు యార్క్‌షైర్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. బోస్టన్‌ను ఏలుతున్న ప్యూరిటన్లు స్వయంగా మత హింస నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. అయినా వాళ్ల పుస్తకాలు తగలబెట్టారు, మంత్రగత్తె గుర్తులున్నాయేమోనని బట్టలు విప్పించి వెతికారు, ఐదు వారాలు బంధించి ఓడెక్కించారు. తర్వాత క్వేకర్లు మళ్లీ వస్తే మరణశిక్ష అని చట్టం చేశారు. 1659 నుంచి 1661 మధ్య నలుగురిని ఉరితీశారు. వారిలో మేరీ డయర్ అనే తల్లి ఒకరు.

మేరీ ఫిషర్ మాత్రం 1658లో ఎవరూ ఊహించని చోట తేలారు. ఉస్మానియా సుల్తాన్‌కు దేవుడి సందేశం చెప్పాలని బయలుదేరారు. స్మిర్నాలోని ఇంగ్లిష్ కాన్సుల్ వద్దని, వెనక్కి వెళ్లే ఓడ ఎక్కించాడు. ఆమె మధ్యలో దిగి కాలినడకన ఎద్రిన్ చేరుకున్నారు. నాలుగో మెహమద్ సుల్తాన్‌కు అప్పటికి పదహారేళ్లు. దర్బారులో కూర్చోబెట్టి, దుబాసీల ద్వారా ఆమె చెప్పింది పూర్తిగా విన్నారు. హజ్రత్ ముహమ్మద్ గురించి నీ అభిప్రాయం ఏంటని అడిగారు. ఆమె తన విశ్వాసం విడవకుండా, జాగ్రత్తగా జవాబిచ్చారు. ఎవరూ కోప్పడలేదు. ఇస్తాంబుల్ దాకా కాపలా పంపుతామన్నారు, ఆమె వద్దన్నారు.

1661లో జార్జ్ బిషప్ బోస్టన్ పాలకుల మీద వేసిన పుస్తకంలో ఈ సంగతి వాడుకున్నారు. ఏ తురకలను మీరు అనాగరికులంటారో వాళ్లు గౌరవించారు, క్రైస్తవులమని చెప్పుకునే మీరు కొరడాలతో కొట్టారు అన్నది దాని సారాంశం. అదే ఏడాది ఎడ్వర్డ్ బరో ఉరిశిక్షల వివరాలు అచ్చేసి, రెండో చార్లెస్ రాజును స్వయంగా కలిశారు. ఉరిశిక్షలు ఆపమని రాజు ఫర్మానా రాశారు. దాన్ని బోస్టన్‌కు మోసుకెళ్లింది అక్కడి నుంచి బహిష్కరించబడిన శామ్యూల్ షాటక్ అనే క్వేకరే. గవర్నర్ మొదట ఆయన టోపీ తీయించి, ఫర్మానా చూశాక టోపీ తిరిగి ఇప్పించి, తనదే తీశాడు. బరో మాత్రం 1663లో న్యూగేట్ జైల్లో చనిపోయారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

పన్నెండు మంది జ్యూరీ

మళ్లీ 1670కి వద్దాం. పెన్, మీడ్‌ల మీద కేసు కొత్త చట్టం కింద పెట్టలేదు. గుంపు కూడి శాంతికి భంగం కలిగించారని పెట్టారు. అందుకే జ్యూరీ వచ్చింది. కోర్టులో మొదటి గొడవ టోపీల మీదే. తీసి ఉన్న టోపీలను కోర్టువాళ్లే తలల మీద పెట్టించి, టోపీతో ఉన్నందుకు చెరో 40 మార్కుల జరిమానా వేశారు.

ఏ చట్టం కింద నేరమో చూపించమని పెన్ అడిగారు. చూపించలేదు. జ్యూరీ మొదట తేల్చింది ఒక్కటే: గ్రేస్‌చర్చ్ వీధిలో మాట్లాడారు. అందులో నేరం ఏముంది? కోర్టు ఒప్పుకోలేదు. అన్నం, నీళ్లు, నిప్పు లేకుండా రెండు రాత్రులు జ్యూరీని గదిలో పెట్టి తాళం వేశారు. సోమవారం పన్నెండు మందీ ఇద్దరూ నిర్దోషులే అన్నారు. ఆ పన్నెండు మందికీ తలా 40 మార్కుల జరిమానా పడింది. అంటే 26 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు. ఎడ్వర్డ్ బుషెల్, మరికొందరు కట్టం అన్నారు. జైలుకెళ్లి హేబియస్ కార్పస్ వేశారు. తీర్పు ఇచ్చినందుకు జ్యూరీని శిక్షించకూడదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తేల్చారు. ఈ విచారణ సంభాషణల రూపంలో కరపత్రంగా వచ్చి, ఆ ఏడాదే మళ్లీ మళ్లీ అచ్చయింది.

ఆ తర్వాత కొద్ది నెలలకే పెన్ మళ్లీ న్యూగేట్ జైలుకు వెళ్లారు. అక్కడి నుంచి వెలువరించిందే ది గ్రేట్ కేస్ ఆఫ్ లిబర్టీ ఆఫ్ కాన్షన్స్. కాన్షన్స్ అంటే అంతరాత్మ, ఉర్దూలో మనం జమీర్ అనేది. మనసులో ఏదైనా నమ్ముకో, ఎవరు వద్దన్నారు అనే పాలకుల మాటకు అందులో జవాబు ఉంది. పెన్ దృష్టిలో అంతరాత్మ స్వేచ్ఛ అంటే లోపల నమ్మడం ఒక్కటే కాదు. నమ్మినట్టుగా బయటకు కనిపించేలా, నలుగురూ కలిసి ఆరాధించడం కూడా అందులో భాగమే. దేవుడి అధికారాన్ని మనిషి లాక్కోకూడదని, బలవంతం వేషగాళ్లను తయారు చేస్తుందే తప్ప విశ్వాసులను కాదని వాదించారు. సూరా బఖరాలోని 256వ ఆయత్ తెలిసిన ఇళ్లలో ఈ వాదన కొత్తగా వినిపించదు. 1675లో రాసిన ఇంకో పుస్తకంలో పెన్ దేశం లాభనష్టాల వైపు నుంచి మాట్లాడారు. కష్టపడే కుటుంబాలను జరిమానాలతో దివాలా తీయిస్తే దేశానికే నష్టం అన్నది ఆ వాదన.

చేతికి అధికారం వచ్చినప్పుడు అదే పెన్ ఎంత దూరం వెళ్లారు? 1682లో తన పెన్సిల్వేనియా వలసలో ఒకే దేవుణ్ని ఒప్పుకునే ఎవరినీ మతం పేరుతో వేధించకూడదని చట్టం చేశారు. ఆ లెక్కన ముసల్మాన్ అక్కడ నిశ్చింతగా బతకొచ్చు. పదవులు మాత్రం క్రైస్తవులకే. నల్లజాతి బానిసలను ఉంచుకున్నవారిలో పెన్ కూడా ఒకరు.

ఇంగ్లండ్‌లో 1689 చట్టంతో క్వేకర్లు బహిరంగంగా కూడే హక్కు వచ్చింది. క్యాథలిక్‌లకు రాలేదు. అప్పటికి వందలమంది క్వేకర్లు జైళ్లలో చనిపోయారు. చర్చి పదోవంతు కోసం జప్తులు ఆ తర్వాత కూడా సాగాయి, చిట్టాలు రాయడం కూడా సాగింది. 1696లో ఒట్టు బదులు గంభీరంగా ధ్రువీకరిస్తే చాలని పార్లమెంటు వాళ్ల కోసం ఒప్పుకుంది. ఆ వెసులుబాటు ఇంగ్లిష్ చట్టం వెంట మన దేశానికీ వచ్చింది. రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో ప్రమాణానికి రెండు దారులు ఉన్నది అందుకే. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో కొత్త ఎమ్మెల్యేలు ప్రమాణం చేసే రోజు, దేవుడి పేరు తీయకుండా ఆత్మసాక్షిగా అనేవాళ్లు వాడుకుంటున్నది ఆ రెండో దారినే.