జింక వేటకు రివాల్వరు తూటా

పూర్వము నెల్లూరు జిల్లాలోనుండిన శ్రీహరికోట తీరపుటడవిలో చుక్కల జింకలు కలవు. రివాల్వరుతో జింకను వేటాడుటకు ఏ తూటా తగును?

రివాల్వరు గొట్టము పొట్టిది. అందుచేత గుండునకు రైఫిలు గుండుకున్నంత వేగము రాదు. మెత్తని సీసపు మొన కల గుండు తగిలినచోట విచ్చుకొని పెద్ద గాయము చేయవలెను. వేగము చాలనిచో విచ్చుకొనదు. ఆత్మరక్షణకు వాడు పాయింటు 38 తూటాతో ఈ చిక్కు కలదు. గుండు గుండెను గాని ఊపిరితిత్తులను గాని చేరనిచో, జింక పొదలలో దూరి గంటల తరబడి బాధపడును.

కనుకనే ఇట్టి వేటకు అనుమతి కల అమెరికా రాష్ట్రములలో, 1935 నాటి పాయింటు 357 మాగ్నమ్, 1955 నాటి పాయింటు 44 మాగ్నమ్ తూటాలను, అదియును దగ్గరనుండియే, వాడుదురు.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింక వేటను నిషేధించినది. కనుక శ్రీహరికోట జింకకు తగిన తూటా ఏదియును లేదు.