క్యాపు రివాల్వర్లలో ఏది మేలు?

మా తాతకు పంట కాపలా లైసెన్సు తుపాకీ ఒకటి ఉండేది. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట. రాత్రిపూట అడవిపందులు దిగితే ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అంతే. అసలు పని తెల్లారాక మొదలయ్యేది. చెంబుడు వేణ్ణీళ్లు గొట్టంలో పోసి, అటూ ఇటూ ఆడించి వంచితే, కుళ్లిన కోడిగుడ్డు వాసనతో నల్లటి నీళ్లు కారేవి. అవి తేటపడేదాకా మళ్లీ మళ్లీ పోసి, పాత పంచె ముక్కతో తుడిచి, నూనె పట్టించేవాడు. ఆ రోజు బద్ధకించాడా, లోపలంతా తుప్పే. ఎన్నికలొస్తే తుపాకీ పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. వెనక్కి వచ్చాక మొదట చూసేది గొట్టంలో తుప్పే.

మొన్న అమెరికా నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, కోల్ట్ మేలా, రెమింగ్టన్ మేలా?" అని అడిగినప్పుడు నాకు ఆ నల్లనీళ్లే గుర్తొచ్చాయి. వాడు అడిగింది ఈ కాలపు పిస్తోలు గురించి కాదు. 1850, 60ల నాటి రివాల్వర్లను అచ్చంగా అలాగే ఇప్పుడు కొత్తగా తయారుచేస్తారు. వాటిని రెప్లికాలు అంటారు. రెప్లికా అన్నారని బొమ్మ అనుకోకండి, నిజంగానే పేలుతుంది. తూటా ఉండదు. మా తాత తుపాకీలో మాదిరే మందు వేరు, సీసం గుండు వేరు, క్యాపు వేరు.

ఆ మందును ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అంటారు. మాటకు మాట పెడితే 'నల్లమందు' అవుతుంది గానీ, తెలుగులో నల్లమందంటే అభిని. కాబట్టి తుపాకిమందు అనే అందాం. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన పాతకాలపు మందు. కాలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మిగిలిపోతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. ఈ తుపాకుల మంచిచెడ్డలు సగం ఈ మసితోనే తేలతాయి.

ఇక క్యాపు. బంగారుపాళ్యం పేరులోని పాళ్యం పాలెగాళ్ల కాలం నాటిది. అప్పటి తుపాకీ పేలాలంటే నిప్పు ఒత్తి రగులుతూ ఉండాలి, లేదా చెకుముకి రాయి నిప్పురవ్వ రాల్చాలి. ఆ నిప్పు ముందు రంజకానికి అంటుకుని, తర్వాత లోపలి మందుకు పాకేది. వానొస్తే కథ ముగిసినట్టే. స్కాట్లాండులో అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే పాదిరీకి పక్షుల వేట సరదా. రంజకం భగ్గుమనగానే, గుండు చేరేలోపే పక్షులు తప్పించుకుంటున్నాయని గమనించి, దెబ్బ తగిలితే పేలే రసాయనాన్ని వాడే పద్ధతికి 1807లో పేటెంటు తీసుకున్నాడు. 1820ల నాటికి అదే రసాయనం చిన్న రాగి టోపీలో కూర్చుంది. క్యాపంటే అదే. సుత్తి దానిమీద పడితే నిప్పు నేరుగా లోపలికి పోతుంది. మన నాటు తుపాకీదీ, కోల్ట్ రివాల్వర్‌దీ ఒకటే కీలకం. ఆరు చిన్న నాటు తుపాకులను కట్టగా కట్టి, ఒకే గొట్టం వెనక తిప్పితే ఈ రివాల్వర్ అయిందనుకోండి. ఆరు అరలతో తిరిగే ఆ కట్టే సిలిండర్.

మేనల్లుడి ప్రశ్నకు వద్దాం. శామ్యూల్ కోల్ట్ అమెరికా పేటెంటు 1836 నాటిది. అతని 1851 నేవీ మోడల్, 1860 ఆర్మీ మోడల్ రెప్లికాలకే గిరాకీ ఎక్కువ. కోల్ట్‌లో సిలిండర్ పైన ఏమీ ఉండదు, బోసిగా ఉంటుంది. గొట్టాన్ని, వెనక భాగాన్ని కలిపి పట్టుకునేది మధ్యలోని ఇరుసు, దానిలోంచి అడ్డంగా దిగిన ఒక చీలా. ఆ చీలా వదులైతే తుపాకీ మొత్తం వదులే. గురి చూసే గాటు సుత్తి మీదే ఉంటుంది. సుత్తి వెనక్కి లాగితేనే అది కంటికి ఆనుతుంది.

రెమింగ్టన్‌లో సిలిండర్ పైనుంచి కూడా ఇనుప పట్టీ ఉంటుంది. చుట్టూ మూసిన చట్రం, ద్వారబంధం లాంటిది. గురి గాటు కదలని ఆ పట్టీలోనే చెక్కి ఉంటుంది. అందరూ దీన్ని 1858 రెమింగ్టన్ అంటారు గానీ, గొట్టం మీద చెక్కిన 1858 పేటెంటు తేదీ మాత్రమే. ఇప్పుడు రెప్లికాలుగా వస్తున్న న్యూ మోడల్ ఆర్మీ అసలు తయారీ 1863లో మొదలైంది.

కాగితం మీద చూస్తే రెమింగ్టనే గట్టిది. సందేహం లేదు. సుత్తిని రెండు అరల మధ్య గాటులో భద్రంగా నిలపొచ్చు. గొట్టం కింది పుల్ల వదులు చేసి ఇరుసు లాగితే సిలిండర్ చేతిలోకి వచ్చేస్తుంది. కానీ మసి పని మొదలయ్యాక లెక్క మారుతుంది. రెమింగ్టన్ ఇరుసు సన్నం, గ్రీజు నిలిచే చోటు లేదు. కొన్ని విడతలు పేల్చేసరికి సిలిండర్ బిగుసుకుపోతుంది. కోల్ట్ ఇరుసు లావు, దానిమీద గ్రీజు నిలిచేందుకు గాళ్లున్నాయి. ఎక్కువసేపు సాఫీగా తిరుగుతుంది. దాని జబ్బు వేరు: పేలిన క్యాపు ముక్కలై సుత్తి సందులో పడుతుంది, తుపాకీ మొరాయిస్తుంది. కోల్ట్ పట్టుకున్నవాళ్లు గొట్టం పైకెత్తి సుత్తి లాగేది స్టయిలుకు కాదు, ఆ ముక్క కింద రాలిపోవాలని.

మన గడ్డమీద ఈ పోలిక ఒకప్పుడు ప్రాణాల మీది లెక్క. 1857 తిరుగుబాటులో బ్రిటిష్ అధికారులు కొందరు కోల్ట్, కొందరు రాబర్ట్ ఆడమ్స్ రివాల్వర్ పట్టారు. ఆడమ్స్‌ది మూసిన చట్రం. సుత్తి లాగే పని లేకుండా మీట నొక్కితే చాలు. మీదకొచ్చిన మనిషిని దగ్గర్లో ఆపడానికి పెద్ద గుండున్న ఆడమ్సే మేలన్న పేరు ఆ తిరుగుబాటులో బలపడింది. మనవాళ్లకు మాత్రం రివాల్వర్ అనగానే 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు', గుర్రం మీద కృష్ణ గుర్తొస్తారు. మేనల్లుడి మోజు మూలం కూడా అక్కడే ఉందని నా అనుమానం.

రెప్లికాల్లో ఎక్కువ భాగం ఇటలీలోని బ్రెషియా జిల్లా సరుకు. ఉబెర్టి, పియెట్టా అక్కడి పెద్ద పేర్లు. 1959లో మొదలైన ఉబెర్టి నునుపుకు, ముస్తాబుకు పేరు. కానీ దాని కోల్ట్ నకళ్లలో ఇరుసు తన రంధ్రం చివరిదాకా ఆనదన్న ఫిర్యాదు పాతదే. చీలా బిగించిన కొద్దీ గొట్టం సిలిండర్ మీదకు వంగుతుంది. ఈమధ్యటి పియెట్టాలో ఆ అమరిక నయం, ధరా తక్కువ. ఇంకా తక్కువకు దొరికేవి ఇత్తడి చట్రం రకాలు. మిలమిల మెరుస్తాయి. ఇత్తడి బిందెకు సొట్ట పడ్డట్టే, మందు దట్టంగా వేస్తే ఆ చట్రం మెల్లగా సాగిపోతుంది. పైగా 44 క్యాలిబర్ అని రాసి ఉన్న 1851 నేవీ చూస్తే నవ్వుకోవచ్చు. కోల్ట్ కంపెనీ ఆ మోడల్‌ను అమ్మింది 36 క్యాలిబర్‌లోనే.

మేనల్లుడికి నా తీర్పు: మొదటిసారైతే ఉక్కు చట్రం రెమింగ్టన్. మసి కడిగే ఓపిక కుదిరాక కోల్ట్. ఇత్తడిది గోడకు.

అప్పుడు వాడు ఇంకో మాటన్నాడు: "ఇక్కడ లైసెన్సు అక్కర్లేదు మామా, వచ్చేటప్పుడు నీకొకటి తెస్తా." వద్దురా నాయనా అన్నాను. 1898, అంతకు ముందు నాటి తుపాకులకు ఇలాంటి నకళ్లను అమెరికా సమాఖ్య చట్టం మామూలు ఆయుధంగా లెక్కించదు. అక్కడా కొన్ని రాష్ట్రాల నియమాలు వేరు. మన 1959 ఆయుధ చట్టం అలా కాదు. పాతకాలపుదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా పేలనిదైతేనే మినహాయింపు. పేలేది ఏదైనా ఆయుధమే, లైసెన్సు ఉండాల్సిందే.

అదే చట్టం రైతుకు ఒక దారి ఉంచింది: నిజమైన పంట రక్షణకు, ముందు నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడగొచ్చు. అయితే అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉంటే, వన్యప్రాణి చట్టం ప్రకారం కొత్త లైసెన్సుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి సమ్మతి కావాలి. మనకు కౌండిన్య అభయారణ్యం ఉంది, ఏనుగులున్నాయి. పంట లైసెన్సు వేట లైసెన్సు కాదు. ఏనుగు మీద గురిపెడితే జైలే.

ఇంకో మాట. ఇంట్లో పెద్దాయన పోయాక తుపాకీ అటక మీద అలాగే ఉండిపోవడం చాలాచోట్ల చూశాను. లైసెన్సు ఆయనతోనే పోయింది. దాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ అప్పగించి, రసీదు తీసుకోండి.