మాచిపత్రి: ఒక పేరు, రెండు మొక్కలు

ఒక భాషలోని మొక్కపేరు మఱియొక భాషలోనికి వచ్చునపుడు పేరుతోపాటు మొక్కయు వచ్చుచున్నదా యను ప్రశ్న నిఘంటుకారులకు తఱచుగా ఎదురగుచుండును. తెలుగు బైబిలులోని ‘మాచిపత్రి’ యను పదము ఇట్టి ప్రశ్నకు చక్కని ఉదాహరణము. వినాయకచవితినాటి యిరువదియొక్క పత్రులలో మొట్టమొదటిది మాచీపత్రము. కావున తెలుగువానికి అది సువాసన గల పూజాపత్రము. విలాపవాక్యముల మూడవ యధ్యాయమునను, ప్రకటన గ్రంథము ఎనిమిదవ యధ్యాయమునను అదే పేరు చేదునకును దుఃఖమునకును గుర్తుగా నిలిచినది. ఈ రెండును ఒకే మొక్కయా యను విషయమును ఈ వ్యాసమున విచారింతుము.

హీబ్రూ మూలమున ఈ చేదుమొక్కకు ‘లఅనా’ యని పేరు. పాత నిబంధనమున ఆ పదము 8 చోట్ల వచ్చినది. ఒక్క చోటనైనను ఆకు ఇట్టిది, పూవు ఇట్టిది యను వర్ణనము లేదు. చేదు మాత్రమే ఉపమానముగా గ్రహింపబడినది. ఉపమానమునకు ఎక్కునది ఎల్లవారును ఎఱిగిన మొక్కయే గదా! కావున ఆ దేశమున విరివిగా పెరుగుచు, నాలుకకు మిక్కిలి చేదైన మొక్క యెద్దియో తెలిసికొనుట నిర్ణయమునకు తొలిమెట్టు.

యెరూషలేము కొండల వరుసకు పడమట మధ్యధరాసముద్రము, తూర్పున మృతసముద్రము కలవు. శీతకాలమున పడమటినుండి వచ్చు మేఘములు కొండల పడమటి వాలునందే వర్షించును; శిఖరము దాటిన పిదప గాలి దిగువకు జాఱుచు వేడెక్కి పొడిబాఱును. అందుచేత తూర్పు వాలులు యూదయ యెడారిగా మాఱినవి. ఆ రాతివాలులయందును, దక్షిణమున నెగెవు మిట్టలయందును, చెట్టు నిలువని చోట్ల బూడిదవన్నె చిఱుపొద యొకటి నేలను ఆక్రమించియుండును. అరబ్బులు దానిని ‘షీహ్’ అందురు. కడుపునొప్పికి దాని కషాయము త్రాగుట ఎడారివాసులలో చిరకాలపు వాడుక. పండితులనేకులు ‘లఅనా’ యని నిర్ణయించినది ఈ మొక్కనే.

ఇది చేమంతి కుటుంబమునకు చెందిన ఆర్టెమీసియా ప్రజాతిలోనిది. అస్సో యను స్పెయిను దేశపు పండితుడు 1779లో తన దేశపు మొక్కకు ఆర్టెమీసియా హెర్బా-ఆల్బా యని పేరిడెను. తెల్లని మూలిక యని దాని యర్థము. పశ్చిమాసియాలోని మొక్కను చిరకాలము ఆ పేరుతోనే వ్యవహరించిరి. బెస్సరు 1836లో ఇచ్చిన ఆర్టెమీసియా సీబెరీ యను పేరును ఇప్పుడు పలువురు దానికి వాడుచున్నారు.

ఈ మొక్కను గుర్తించుటకు నాలుగు లక్షణములు ముఖ్యములు. మొదటిది కాండము. పొద యెత్తు సుమారు 20 మొదలు 40 సెంటీమీటర్లు. మొదలు కొయ్యబాఱి, వయసు ముదిరినకొలది నిలువుగా చీలి, వేఱువేఱు పాయలగును. కఱవున ఒక పాయ ఎండినను మఱియొకటి బ్రదుకును. రెండవది ఆకు. వానకాలమైన శీతఋతువున సన్నని చీలికలు గల పెద్ద ఆకులు తొడుగును. వేసవి రాగానే అవి రాలి, పొలుసులవంటి చిన్న ఆకులు మాత్రము నిలుచును. నీటిని పొదుపుచేయుటకు ఇది ఉపాయము. మూడవది ఆకులమీది తెల్లని నూగు. మొక్కకు బూడిదవన్నె దీనివలననే కలుగును. నాలుగవది పుష్పశీర్షము. శరత్కాలమున పూయు ఈ శీర్షములు మిక్కిలి చిన్నవి. ఒక్కొక్కదానిలో కొలదిపాటి పూవులే యుండును, అవియన్నియు ద్విలింగములు. పుప్పొడిని గాలియే మోయును గాన వానికి రంగుతో పనిలేదు.

ఇక మన మాచిపత్రిని దీని ప్రక్కన నిలిపి చూతము. పూర్వగ్రంథములు ఆర్టెమీసియా వల్గారిస్ అని వ్రాసిన భారతీయపు మొక్కలలో అనేకమును ఇప్పుడు ఆర్టెమీసియా నీలగిరికాగా ఎంచుచున్నారు. అది మనిషియెత్తు పెరుగును. దాని ఆకు వెడల్పైనది, పైన ఆకుపచ్చన, క్రింద తెల్లన. దాని శీర్షమున వెలుపలి పూవులు స్త్రీపుష్పములు, లోపలివి ద్విలింగములు. అది చల్లని, తేమగల కొండనేలలను కోరునది. తోటలలో పెంచు దవనమో, ఆర్టెమీసియా పాల్లెన్స్ అను మఱియొక జాతి. కావున మాచిపత్రియు, దవనమును, యూదయ పొదయును ఒకే యింటి తోబుట్టువులు గాని ఒకే మొక్క కావు.

అనువాదకులు ప్రజాతిని సరిగానే పట్టిరి; వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఐనను ఇబ్బంది పదముయొక్క రుచిలో నున్నది. మాచిపత్రియందును చేదు కలదు. కాని ఆ పేరు వినగానే తెలుగువానికి ముందుగా తోచునది వాసనయే. ఈ యిబ్బందికి సాక్ష్యము తెలుగు బైబిలులోనే కలదు. సామెతల గ్రంథము అయిదవ యధ్యాయమున అదే ‘లఅనా’కు తెలుగున ‘ముసిణిపండు’ వచ్చినది. ముసిణి యనగా విషముష్టి. ఆర్టెమీసియాతో దానికి చుట్టరికమే లేదు. మొక్క వేఱైనను చేదు తెలుగు నాలుకకు వెంటనే అందినది. ఒకచోట మొక్కను నిలుపగా చేదు పలుచనైనది. మఱియొకచోట చేదును నిలుపగా మొక్క మాఱినది. ప్రకటన గ్రంథపు గ్రీకుమూలమున నున్న పదము ‘అప్సింథోస్’. ఆ పేరు ఆర్టెమీసియా అబ్సింథియమ్ అను ఇంకొక జాతి పేరునందు నిలిచియున్నది.

ఈ విచారణ నిఘంటువులకు ప్రయోజనకరము. ‘మాచిపత్రి’ క్రింద పూజాపత్రమును ఒక యర్థముగను, బైబిలు అనువాదమున వచ్చు ఎడారి చేదుమొక్కను వేఱొక యర్థముగను చూపుట యుక్తము. పేరొకటే గదా యని ఒకదాని గుణములను మఱియొకదానికి అంటగట్టినచో ఔషధవిషయమున అపాయమును కలుగవచ్చును. ముసిణిగింజ ప్రాణాంతకమైన విషము. పదమును పదముతో సరిచూచుట పండితుని పని. మొక్కను మొక్కతో సరిచూచుట వృక్షశాస్త్రజ్ఞుని పని. ఇట్టి పదముల నిర్ణయమునకు ఈ యిరువురును కలిసి కూర్చుండవలసియున్నది.