మూడు దినములలో మెక్సికో నగరము

దూరదేశపు మహానగరమును చూడబోవువారికి సాధారణముగా కొరతపడునది కాలము. పదిదినములు నిలువగలవారికి ఏ ఏర్పాటైనను సరిపోవును. మూడు దినములు మాత్రమే చేతనున్నవారికి ఏది చూడవలెనన్న దానికంటె ఏది విడువవలెనన్నదే పెద్ద ప్రశ్న. ఇందుకు మెక్సికో నగరము తగిన ఉదాహరణము. స్పానిషు భాష మాట్లాడు నగరములలో ఇంతకు మించినది లేదు. మన దేశమునుండి ఇది చాల దూరమే. కాని అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు విమానముపై రెండుమూడు గంటల దూరము. శని, ఆదివారములకు సోమవారపు సెలవు కలిసినప్పుడు, ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని పోయి చూచి రాదగినది. అట్టి యాత్రను ఎట్లు ఏర్పరచుకొనవలెనో ఇచట ఆలోచింతము.

మొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. ఈ నగరము ఒక సరస్సు అడుగున నిలిచియున్నది. 1325లో మెషీకా జాతివారు, అనగా మనము చరిత్రలో అజ్‌టెక్కులని చదువుకొన్నవారు, టెష్కోకో సరస్సు నడుమనున్న ద్వీపముపై టెనోచ్‌టిట్లాన్ అను పట్టణమును కట్టుకొనిరి. నాగజెముడుపై గ్రద్ద వాలిన చోట నివసింపుడని దైవము ఆనతిచ్చెనని వారి ఐతిహ్యము. నేటి మెక్సికో పతాకముపై ఉన్నది ఆ గ్రద్దయే. 1521 ఆగస్టు 13వ తేదీన ఆ పట్టణము స్పెయిను సేనాని కోర్టెసు వశమయ్యెను. విజేతలు దేవాలయములను కూల్చి, ఆ రాళ్లతో తమ చర్చీలను, భవనములను నిర్మించిరి. పిమ్మట వరదల భయమున సరస్సు నీటిని క్రమక్రమముగా బయటికి మళ్లించిరి. నీరు పోయి మెత్తని బంకమన్ను మిగిలినది. ఆ మన్ను క్రిందనున్న జలమును నగరము తోడుకొని వాడుకొనుచుండుటచే నేల ఏటేట క్రుంగుచున్నది. 1985 సెప్టెంబరు 19 నాటి భూకంపమున ఇన్ని మేడలు కూలుటకు ఈ మెత్తని నేలయే ముఖ్యకారణము. ఈ సరస్సు కథను మనసునందుంచుకొన్నచో చూడవలసినవి వానంతట అవే వరుసగా నిలుచును.

రెండవ సంగతి ఎత్తు. నగరము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున, అనగా మన ఉదకమండలమంత ఎత్తున ఉన్నది. చేరిన మరునాడే వేగముగా నడచినచో ఆయాసము, తలనొప్పి కలుగవచ్చును. కావున మొదటి దినము సమతలముననే మెల్లగా తిరుగవలెను. మంచినీరు ఎక్కువగా త్రాగవలెను. కుళాయి నీరు త్రాగరాదు. జూన్ మొదలు సెప్టెంబరు వరకు మధ్యాహ్నము దాటిన పిమ్మట వాన కురియుట పరిపాటి. ఆ మాసములలో బయలు ప్రదేశములను ఉదయమే చూచుకొని, మధ్యాహ్నమును కప్పుక్రింద గడుపవలెను. ఏ కాలమందైనను సాయంకాలమునకు ఒక శాలువ వెంటనుండుట మంచిది.

శనివారము ఉదయము సోకలో అను మహాచత్వరమునకు పోవుదము. సోకలో అనగా పీఠము. 1843లో ఇచట ఒక స్మారకస్తంభము నెత్తదలచి పీఠము మాత్రమే కట్టి విడిచిరి. ఆ పేరే చత్వరమునకు నిలిచినది. ఉత్తరమున 1573లో ఆరంభమై 1813లో ముగిసిన మహాదేవళము కలదు. లోపల వ్రేలాడుచున్న తూకపుగుండు ఆ కట్టడము ఎటు ఒరిగి, ఎటు సరిదిద్దబడినదో నేలపై చూపుచున్నది. ఆ ప్రక్కనే మెషీకాల ప్రధానాలయ శిథిలములు కలవు. 1978లో విద్యుత్తు తీగలకై త్రవ్వుచున్న కార్మికులకు చంద్రదేవత కొయొల్షౌకి చెక్కియున్న పెద్ద గుండ్రని శిల దొరకెను. అటుపై త్రవ్వగా ఒకదానిపై నొకటిగా పలుమారులు కట్టిన ఆలయపు పొరలు బయటపడినవి. ఈ రెండింటికి ఒక పూట పూర్తిగా ఈయవలెను. మధ్యాహ్నము విశ్రమించి, సాయంకాలము 1934లో పూర్తియైన లలితకళాభవనమును చూచుట చాలును.

ఆదివారము పురాతత్త్వ ప్రదర్శనశాలలలో మెక్సికో పౌరులకు ప్రవేశము ఉచితము. కావున రద్దీ మిక్కుటముగా ఉండును. 1964లో నెలకొల్పిన జాతీయ మానవశాస్త్ర ప్రదర్శనశాలకు తలుపులు తెరచు వేళకే చేరవలెను. అందున్న సమస్తమును చూడబూనిన రెండు దినములైనను చాలవు. ముంగిలి దాటి తిన్నగా ఎదుటి కొసనున్న మెషీకా మందిరమునకు పోవుట మేలు. 1790లో సోకలో నేలలో దొరకిన సుమారు 24 టన్నుల సూర్యశిల అందే ఉన్నది. ముందునాడు చూచిన శిథిలములు జీవముతో నున్నప్పుడు ఎట్లుండెనో ఈ మందిరమున బోధపడును. ఈ వరుస తారుమారైనచో ఆ రాళ్లు వట్టి రాళ్లుగనే తోచును. తిరిగి వచ్చునప్పుడు రిఫోర్మా రాజమార్గమున 1910 నాటి స్వాతంత్ర్యస్తంభము వద్ద ఆగి మెట్లను చూడుడు. చుట్టునున్న వీథి క్రుంగగా, స్తంభమును చేరుటకు 14 మెట్లు తరువాత చేర్పవలసివచ్చెను. నగరము క్రుంగుటను ఇచట కంటితో చూచి లెక్కింపవచ్చును.

సోమవారము పెక్కు ప్రదర్శనశాలలు మూసియుండును. ముందుగా ఎరుగనివారికి ఒక దినము వ్యర్థమగును. ఈ దినమునకు రెండు మార్గములు కలవు. ఒకటి, సుమారు 50 కిలోమీటర్ల దూరముననున్న టియోటివాకాన్. మెషీకాలు వచ్చునప్పటికే అది పాడుపడిన పురాతన నగరము. అచటి సూర్యగోపురము సుమారు 65 మీటర్ల ఎత్తు. ఎండ తీవ్రము, నీడ తక్కువ, నడక ఎక్కువ. రెండవది, నగరపు దక్షిణభాగమునందలి సోచిమిల్కో. పూర్వపు సరస్సులో మిగిలిన కాలువలు ఇవియే. నిస్సారమైన నీటిలో బురదను మెట్టగా పోసి, గట్లపై చెట్లు నాటి నిలిపిన చినాంపాలను తోటలలో నేటికిని కూరలు, పూలు పండింతురు. మన గుమ్మములకు కట్టు బంతిపూవు పుట్టినిల్లు మెక్సికోయే. నవంబరు 1, 2 తేదీలలో గతించినవారిని తలచుకొనుచు ఈ ప్రజలు ఆ పూలనే పరతురు. పడవకు కిరాయి గంటల చొప్పున, పడవ మొత్తమునకు నిర్ణయింపబడినది. మనిషికింతయని అడిగినచో ఒప్పుకొనరాదు.

రెండింటిని ఒకే దినమున చూడబూనినచో రెండును చెడును. కాళ్లలో సత్తువ గలవారు టియోటివాకానుకు పోవచ్చును. పెద్దలు వెంటనున్నచో సోచిమిల్కోయే మేలని మా అభిప్రాయము. మొదటి దినమున రాళ్లక్రింద వెదకిన సరస్సు మూడవ దినమున పడవక్రింద కనబడును.

భోజనము విషయము కూడ చెప్పవలెను. అచట మధ్యాహ్నభోజనము రెండు మొదలు నాలుగు గంటల నడుమ. మొక్కజొన్నలను సున్నపు నీట ఉడికించి రుబ్బిన పిండితో చేయు తోర్తీయా రొట్టె వారికి ముఖ్యాహారము. మన వంటింటిని ఏలుచున్న మిరపకాయ ఆ దేశమునుండి బయలుదేరి సముద్రములు దాటి వచ్చినదే. కావున కారమునకు కొరత లేదు. శాకాహారులు మాత్రము జాగ్రత్తపడవలెను. చిక్కుడుగింజల కూరను తరచుగా పందికొవ్వుతో వండుదురు. ‘సిన్ కార్నె’, అనగా మాంసము లేకుండ, అనుమాట ఒక్కటే చాలదు. ‘సిన్ మాంతెకా’, అనగా కొవ్వు లేకుండ, అని కూడ చెప్పవలెను.

భాష రానివారు భూగర్భ రైలునకు వెరవనక్కరలేదు. 1969లో ఆరంభమైన ఈ రైలుమార్గమున ప్రతి స్టేషనుకు పేరుతోపాటు ఒక బొమ్మ గుర్తుగా ఉండును. బయలుదేరక పూర్వమే వీసా నిబంధనలను రాయబార కార్యాలయమున విచారించి, ఆయాచోట్ల తెరచు వేళలను సరిచూచుకొనవలెను.

ఇందు చేర్చని ప్రదేశములు ఎన్నియో కలవు. చిత్రకారిణి ఫ్రీదా కాలో నివసించిన నీలిగృహము వానిలో నొకటి. దానికి ముందుగనే టిక్కెట్టు కొనవలెను. ఒక పూట దానికే వెచ్చింపవలెను. వానిని విడిచితిమని చింతింప పనిలేదు. ఇరువది చోట్ల ఛాయాచిత్రములు తీసికొని, దేనిని చూచితిమో ఎరుగక మరలుటకంటె, ఒక సరస్సు ఎట్లు నగరమయ్యెనో తెలిసికొని వచ్చుట లాభకరము. ఇంటివద్ద నున్నవారికి చెప్పుటకు మన కప్పుడు ఒక కథ యుండును.