చిన్న పర్వతదేశము ఆర్మేనియా: తెలిసికొనదగిన విశేషములు

మన పాతబస్తీలోని ఉప్పుగూడలో కొన్ని పురాతనమైన సమాధులు కలవు. వాటి రాళ్ళపై చెక్కిన లిపి ఉర్దూ కాదు, పారసీకము కాదు, తెలుగు కాదు, ఆంగ్లమును కాదు. కుతుబ్‌షాహీల కాలమున, అనగా క్రీ.శ. 17వ శతాబ్దములో, వ్యాపార నిమిత్తము ఈ నగరమునకు వచ్చి, ఇచ్చటనే కన్నుమూసిన ఆర్మేనియనుల సమాధులవి. ఎక్కడో కొండల నడుమనున్న దేశపు ప్రజలు మన నగరమునకు ఏల వచ్చిరి? ఆ దేశమెట్టిది? ఈ విషయములను మన విద్యార్థినీ విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుటయే మా ఉద్దేశము.

ఆర్మేనియా నల్లసముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును మధ్యనున్నను, దానికి సముద్రతీరము లేదు. ఉత్తరమున జార్జియా, తూర్పున అజర్‌బైజాన్, దక్షిణమున ఇరాన్, పడమట టర్కీ దేశములు కలవు. వైశాల్యము 29,743 చదరపు కిలోమీటర్లు, అనగా మన తెలంగాణ రాష్ట్రములో ఇంచుమించు నాలుగవ వంతు. జనసంఖ్య సుమారు 30 లక్షలు. దేశపు నేల సముద్రమట్టమునకు సగటున 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది. మన హార్స్‌లీ కొండల శిఖరము కంటె ఆ దేశపు సామాన్యమైన నేలయే ఎత్తని గ్రహింపవలెను. అచ్చటి పర్వతములలో ఎత్తైన అరగాత్స్ 4,090 మీటర్లు. సెవాన్ అను మంచినీటి సరస్సు సుమారు 1,900 మీటర్ల ఎత్తున కొండల నడుమ విస్తరించి ఉన్నది.

ఆర్మేనియనులు తమ జాతికి గుర్తుగా భావించు అరరాత్ పర్వతము మాత్రము నేడు వారి దేశములో లేదు. 5,137 మీటర్ల ఆ మంచుకొండ సరిహద్దునకు ఆవల టర్కీలో ఉన్నది. అయినను అది రాజధానియగు యెరెవాన్ నగరమునకు కన్పించుచునే ఉండును. దేశపు రాజముద్రలోను దాని రూపమే కలదు.

యెరెవాన్ మిక్కిలి ప్రాచీనమైన నగరము. క్రీ.పూ. 782లో అర్గిష్తి అను రాజు అచ్చట ఎరెబూని కోటను కట్టించినట్లు శిలాశాసనము లభించినది. రోము నగరము పుట్టినదని చెప్పు సంవత్సరము కంటె ఇది ముందుది. క్రీ.శ. 301లో క్రైస్తవమును రాజమతముగా స్వీకరించి, ప్రపంచములో ఆ పని చేసిన మొదటి దేశముగా ఆర్మేనియా ప్రసిద్ధి చెందినది. ఆ నగరములోనే 18వ శతాబ్దమున కట్టిన నీలి మసీదు కూడ ఉన్నది. సోవియట్ పాలనలో అది ప్రార్థనలకు దూరమైనను, 1990లలో ఇరాన్ సహాయముతో పునరుద్ధరింపబడినది.

మన పెండ్లివిందులలో ఖుబానీ కా మీఠా రుచి చూడనివారు అరుదు. ఆ ఖుబానీ పండునకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ప్రూనస్ ఆర్మేనియాకా, అనగా ఆర్మేనియా దేశపు ఆలుబుఖారా జాతి పండు. దాని జన్మస్థలము మరింత తూర్పున ఉన్నదని తరువాతి శాస్త్రజ్ఞులు తలచినను పేరు మాత్రము నిలిచిపోయినది. ఆ చెట్టు కలపతోనే వారు దుదూక్ అను వాద్యమును చేయుదురు. నేలలో పాతిన మట్టిపొయ్యిలో కాల్చు లవాష్ అను పలుచని రొట్టె మన తందూరీ రొట్టెకు చుట్టము వంటిది.

ఇక ముఖ్యమైన విషయము వారి లిపి. క్రీ.శ. 405 ప్రాంతమున మెస్రోప్ మాష్తోత్స్ అను పండితుడు తన భాషకు తగిన 36 అక్షరములను కూర్చెను. మధ్యయుగములో మరి రెండు చేరినవి. ఈ అక్షరములు అంకెలుగా కూడ పనిచేయును. మొదటి తొమ్మిది ఒకట్లు, తరువాతి తొమ్మిది పదులు, ఆపై వందలు, చివరి తొమ్మిది వేలు. ఉర్దూ చదువుకొన్న విద్యార్థులకు అబ్జద్ లెక్క తెలియును. తెలుగు, సంస్కృతములు చదువుకొన్నవారికి కటపయాది సంఖ్యలు తెలియును. ఇదియు అట్టిదే. ఆర్మేనియనుల శకము క్రీ.శ. 552లో ఆరంభమైనది. కావున వారి శకములో 1129 అని ఉన్నచో దానికి 551 కలుపగా క్రీ.శ. 1680 వచ్చును. ప్రాచీనమైన ఆర్మేనియన్ సమాధుల కాలమును పండితులు ఈ విధముగానే గుర్తించుచున్నారు.

వారు మన నగరమునకు వచ్చిన కారణమును ఇప్పుడు చెప్పుదము. 1604, 1605 సంవత్సరములలో టర్కీతో యుద్ధము జరుగుచుండగా పారసీక చక్రవర్తి షా అబ్బాసు జుల్ఫా పట్టణములోని ఆర్మేనియనులను బలవంతముగా తరలించి, తన రాజధాని ఇస్ఫహాను చెంత నిలిపెను. ఆ కొత్త పేటకు వారు నవజుల్ఫా అని పేరిడిరి. ఊరు కోల్పోయినవారు పట్టువ్యాపారమున ఆరితేరి, ఆమ్‌స్టర్‌డామ్ నుండి మనీలా వరకు సంచరించిరి. గోలకొండ రాజ్యములోని వజ్రములు, మచిలీపట్నపు నూలువస్త్రములు వారిని ఆకర్షించినవి. గోలకొండ దర్బారులో పారసీక భాషకు గౌరవముండెను. అది వారికి ముందే వచ్చియుండుటచే వారి పని సులభమాయెను.

చెన్నపట్నములోను వారు స్థిరపడిరి. అచ్చటి అడయారు నదిపై 1726లో ఖోజా పెట్రస్ ఉస్కాన్ అను వర్తకుడు తన ధనముతో వారధి కట్టించెను. అంతకంటె ఆశ్చర్యకరమైన విశేషమొకటి కలదు. ప్రపంచములో ఆర్మేనియన్ భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక ఆ దేశములో పుట్టలేదు. 1794లో చెన్నపట్నములోనే హరుత్యున్ ష్మవోన్యన్ అను మతగురువు దానిని ‘అజ్దరార్’ అను పేరుతో ప్రచురించెను.

ఆ జాతి చరిత్రలో మిక్కిలి దుఃఖకరమైన సంవత్సరము 1915. ఆనాడు ఒట్టోమన్ ప్రభుత్వపు చర్యల వలన లక్షలాది ఆర్మేనియనులు ఊళ్ళ నుండి వెడలగొట్టబడి, హతులైరి. ఎడారి దారులలో ఆకలికి మరణించిరి. అట్టి సమయమున అనేక అరబ్బు కుటుంబములు వారికి ఆశ్రయమిచ్చినవి. శరణార్థులను తమవారివలె కాపాడవలెనని 1917లో మక్కా షరీఫు హుసేన్ తనవారికి లేఖ వ్రాసెను. ఆ కాలముననే ఇద్దరు స్త్రీలు ఇరువదియెనిమిది కిలోల బరువుగల ఒక ప్రాచీన గ్రంథమును మోయలేక, రెండుగా విడదీసి చెరిసగము రక్షించిరని చెప్పుదురు. 13వ శతాబ్దపు ఆరంభమున వ్రాసిన ఆ గ్రంథము నేడు యెరెవాన్‌లోని మతెనదరాన్ అను గ్రంథభాండాగారములో ఉన్నది. ప్రాణము దక్కించుకొను వేళ నగలు గాక పుస్తకము మోసికొనిపోయిన జాతి అది!

1920లో సోవియట్ పాలన వచ్చినది. 1988 డిసెంబరు 7న సంభవించిన భూకంపములో ఇరువదియైదు వేలమందికి పైగా మరణించిరి. 1991 సెప్టెంబరు 21న ఆర్మేనియా స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. ఇరుగుపొరుగులతో వివాదములు తీరలేదు. 2023లో కరాబాఖ్ ప్రాంతము నుండి లక్షమందికి పైగా శరణార్థులై ఆ దేశమునకు చేరిరి. ఇన్ని కష్టములలోను విద్యను విడువలేదు. 2011 నుండి ప్రాథమిక పాఠశాలలలో చదరంగమును పాఠ్యవిషయముగా చేసిరి. 2006, 2008, 2012 సంవత్సరములలో చదరంగ ఒలింపియాడ్‌లో ఆ చిన్న దేశమే స్వర్ణము గెలిచెను. 2022లో చెన్నైలో జరిగిన పోటీలలో రజతము పొందెను.

నేడు స్వదేశములో ఉన్న ఆర్మేనియనుల కంటె వెలుపల ఉన్నవారే అధికము. రాజ్యము పోయినను, పర్వతము సరిహద్దు దాటినను, వారిని ఒక జాతిగా నిలిపినది వారి అక్షరమే. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండును పక్కపక్కనే చదువబడుచున్నవి. ఈ రెండింటిలో ఏదియైనను ఇంట మాటలాడుటకు మాత్రమే పరిమితమై, చదువుట, వ్రాయుట మరచిన నాడు, మన పెద్దల ఉత్తరములు, దస్తావేజులు, సమాధిఫలకములు సైతము మనకు ఉప్పుగూడ రాళ్ళవలె అపరిచితములగును. ఎండవానలకు ఆ రాళ్ళ అక్షరములు అరిగిపోవుచున్నవి. వాటిని కాపాడుట పురావస్తు శాఖ వారి బాధ్యత మాత్రమే గాదు, ఈ నగరవాసులమగు మన బాధ్యత కూడ. పరదేశి అక్షరమును గౌరవించువాడు తన అక్షరమును అశ్రద్ధ చేయడని మా విశ్వాసము.