గ్లాసు పానీయానికి రోజు కూలి!
బిస్కెట్ల శీతల పానీయం ఇంట్లోనే చేసుకోవచ్చు

గోపన్‌పల్లి: ఎండలు ముదిరాయంటే మన పల్లెల్లో అంబలి, చల్ల, నిమ్మకాయ నీళ్లు తప్ప మరో మాట ఉండేది కాదు. ఇప్పుడు బడి పిల్లలు అడుగుతున్నది వేరు. పొడవాటి గ్లాసు, అందులో చిక్కని చల్లని పాలు, పైన వెన్నలాంటి నురుగు, దాని మీద నల్లని బిస్కెట్ల పొడి, పీల్చడానికి బొటనవేలంత లావు గొట్టం. శేరిలింగంపల్లి మండలంలోని గోపన్‌పల్లి నుంచి నల్లగండ్ల వైపు పోయినా, గచ్చిబౌలి వైపు పోయినా అద్దాల కాఫీ దుకాణాల ముందు దీని బొమ్మే కనిపిస్తుంది. దుకాణం దాకా పోని పిల్లలు సెల్‌ఫోన్‌లో చూస్తున్నారు.

ఈ ప్రాంతం ముఖం మారి ఎంతో కాలం కాలేదు. పక్కన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. 1978లో రంగారెడ్డి జిల్లా హైదరాబాదు జిల్లా నుంచి విడిపడింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కంప్యూటర్ కంపెనీలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మీదుగా గోపన్‌పల్లి పొలిమేర దాకా వచ్చేశాయి. 2024 జూలైలో గోపన్‌పల్లి తండా కూడలిలో పైవంతెన కూడా తెరిచారు. వంతెన మీద కార్లలో పోయేవారు ఆ భవనాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. వంతెన కింద నడిచిపోయేవారిలో అవే భవనాల్లో ఊడ్చేవారు, వంట చేసేవారు, కాపలా కాసేవారు ఉంటారు. ఇద్దరి పిల్లలూ కోరేది ఒకే గ్లాసు.

ఆ గ్లాసు ధర చూడాలి. పేరున్న కాఫీ దుకాణాల్లో పెద్ద గ్లాసు పన్నుతో కలిపి మూడు వందల రూపాయలు దాటుతుంది. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. ఎర్రటి ఎండలో పగలంతా మట్టి తవ్వినందుకు వచ్చే డబ్బు, పది నిమిషాల్లో గొట్టంతో పీల్చేసే పానీయానికి సరిపోతుందన్నమాట. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరికి కొని ఇంకొకరికి లేదనడం కుదరదు కదా.

ఇంతా చేస్తే అందులో ఉన్నవి ఏమిటి? పాలు, ఐసు, చక్కెర, బిస్కెట్లు, కావాలంటే చిటికెడు కాఫీ పొడి. ఇవన్నీ ఊళ్లోని కిరాణా దుకాణంలో దొరికేవే. రెండు గ్లాసులకు ముప్పై రూపాయల లోపే అవుతుంది.

పేరు పెద్దది, సరుకు చిన్నది

ఈ పానీయం పుట్టుక కూడా తమాషాయే. 1957లో గ్రీసు దేశంలోని థెస్సలోనికి నగరంలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. అక్కడ నెస్లే కంపెనీ తరఫున పనిచేస్తున్న ఒక ఉద్యోగికి కాఫీ తాగాలనిపించింది. వేడినీళ్లు దొరకలేదు. కాఫీ పొడిని చన్నీళ్లు, ఐసుతో మూత ఉన్న డబ్బాలో పోసి గిలక్కొట్టాడు. బోలెడు నురుగు వచ్చింది. ఆ దేశంలో నేటికీ తాగే 'ఫ్రాపే' అదే. తరువాత 1990ల తొలినాళ్లలో అమెరికాలోని బోస్టన్‌లో ఒక కాఫీ సంస్థ మరలో ఐసు, పాలు, కాఫీ కలిపి తిప్పిన పానీయానికి 'ఫ్రాపుచినో' అని పేరు పెట్టింది. ఆ సంస్థను 1994లో స్టార్‌బక్స్ కొనేసి, 1995 నుంచి తన దుకాణాల్లో అమ్మింది. ఆ పేరు రిజిస్టరు చేసిన పేరు. అందుకే మిగతా దుకాణాలవారు దాన్ని వాడుకోకుండా ఫ్రాపే అనో, థిక్ షేక్ అనో రాసుకుంటారు. పలకడానికి నోరు తిరగకపోయినా మనకు వచ్చిన నష్టమేమీ లేదు.

ఇక బిస్కెట్టు సంగతి. మధ్యలో తెల్లని క్రీము, రెండు వైపులా నల్లని చాక్లెట్ రంగు రేకులు ఉండే ఓరియో 1912లో న్యూయార్క్‌లో పుట్టింది. మన దేశపు దుకాణాల్లోకి 2011లో పెద్దఎత్తున వచ్చింది. పానీయానికి ఆ నలుపు రంగు, చిరుచేదు దానివల్లే వస్తాయి. అయితే రుచి ఒక్కటే చూసుకుంటే హైదరాబాదువారి ఉస్మానియా బిస్కెట్టు దీనికి ఏ మాత్రం తీసిపోదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న ఈ బిస్కెట్టులో తీపితో పాటు ఉప్పు కూడా తగులుతుంది. ఆ కొంచెం ఉప్పు చల్లని పాలలో తీపిని పైకి తెస్తుంది. చాయ్‌లో ముంచుకు తినేవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. కొన్ని బేకరీల్లో విరిగిన ముక్కలు తక్కువకు ఇస్తారు. ఎలాగూ పొడి చేసేదే కాబట్టి అవి చాలు. ముక్కిన వాసన వస్తే మాత్రం తీసుకోరాదు. రెండూ లేకపోతే అయిదు రూపాయల గ్లూకోజు బిస్కెట్ల పొట్లం ఉండనే ఉంది.

చేసే పద్ధతి

రెండు స్టీలు గ్లాసుల పానీయానికి 300 మిల్లీలీటర్ల పాలు కావాలి. పాలను ముందురోజే కాచి చల్లార్చాలి. ప్యాకెట్ పాలు కొనేవారు పొట్లం మీద చూసుకోవాలి. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం ఉంటుంది. వెన్న ఎక్కువైన కొద్దీ పానీయం చిక్కగా వస్తుంది. ఇంట్లో బర్రె ఉన్నవారికి ఈ లెక్కలతో పనిలేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. చాలామంది నీళ్ల ఐసు ముక్కలు వేస్తారు. అవి కరిగాక పానీయం పలచబడి పాల నీళ్లయిపోతుంది. దుకాణంలో తాగినట్లు లేదని పిల్లలు మొహం తిప్పుకునేది ఇందుకే. అందువల్ల కాచి చల్లార్చిన పాలలో మూడోవంతు, అంటే 100 మిల్లీలీటర్లు, ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించాలి. ఆరేడు ముక్కలు అవుతాయి. మిగతా పాలను ఫ్రిజ్‌లోనే కింది అరలో ఉంచాలి. పాల ముక్కలు కరిగినా పాలే అవుతాయి గనుక రుచి పోదు. పైగా నీళ్ల ఐసంత గట్టిగా ఉండవు. మిక్సీకి శ్రమ తక్కువ.

ముందుగా పొడి జారులో ఏడెనిమిది గ్లూకోజు బిస్కెట్లు గానీ, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు గానీ వేసి ఒక్క తిప్పు తిప్పి పొడి తీసి పక్కన పెట్టాలి. తరువాత జారులో పాల ముక్కలు, అవి మునిగేటన్ని చల్లని పాలు పోయాలి. మీటను వెనక్కి తిప్పి, ఆపి ఆపి నాలుగయిదు సార్లు ఆడించాలి. ముక్కలు నలిగిన చప్పుడు తగ్గాక రెండు చెంచాల చక్కెర, మిగిలిన పాలు కలిపి అర నిమిషం తిప్పాలి. అంతకు మించి తిప్పితే జారు వేడెక్కి ఐసు కరిగిపోతుంది. చివర్లో బిస్కెట్ల పొడిలో ముప్పావు వంతు వేసి, అయిదు అంకెలు లెక్కపెట్టే లోపు ఆపేయాలి. బిస్కెట్టులో ఉన్నది మైదా. పాలలో ఎక్కువసేపు తిప్పితే జిగురుగా మారి గొంతుకు అడ్డం పడినట్లుంటుంది. మిగిలిన పొడి గ్లాసుల్లో పోశాక పైన చల్లుకోవాలి.

కాఫీ రుచి కావలసిన పెద్దవాళ్లు అర చెంచా కాఫీ పొడిని రెండు చెంచాల వేడినీళ్లలో కరిగించి, బాగా చల్లారనిచ్చి కలుపుకోవాలి. వేడివేడిగా జారులో పోసి మూత బిగిస్తే ఆవిరి మూతను ఎగదన్నుతుంది. చేతులు, మొహం కాలతాయి. చిన్నపిల్లలకు కాఫీ వేయకపోవడమే మంచిది.

జారు సగానికి మించి నింపరాదు. మధ్యలో మిక్సీ దానంతట అదే ఆగిపోతే కాలిపోయిందని కంగారు పడనక్కరలేదు. చాలా మిక్సీలకు అడుగున చిన్న ఎర్రని మీట ఉంటుంది. భారం ఎక్కువైతే మోటారు కాలకుండా అది కరెంటును ఆపుతుంది. ప్లగ్గు తీసి, జారులో కొంత సరుకు తగ్గించి, కొద్దిసేపు చల్లారనిచ్చి ఆ మీట నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఈ చిన్న సంగతి తెలియక మిక్సీని బాగుచేయించడానికి టౌనుకు మోసుకుపోయేవారు ఉన్నారు.

ఇంత చేసినా దుకాణం పానీయంలాగా గంటసేపు చిక్కగా నిలవదు. పావుగంటలో కింద పాలు, పైన నురుగు విడిపోతాయి. దుకాణాలవారు వాడే పాకంలో చిక్కదనం నిలవడానికి జిగురు పొడి కలిసి ఉంటుంది. ఇంట్లో అది అక్కరలేదు. బాగా మాగిన అరటిపండు సగం ముక్కలు కోసి గడ్డకట్టించి వేస్తే చిక్కదనం నిలుస్తుంది. చక్కెర ఒక చెంచా తగ్గించుకోవచ్చు కూడా.

ఐసు దగ్గర జాగ్రత్త

ఫ్రిజ్ లేనివారు బయట ఐసు కొనడం చూస్తుంటాం. భయపడవలసింది ఇక్కడే. చేపలు, మాంసం చల్లగా ఉంచడానికి, శవపేటికలకు వాడే ఐసు వేరు, తినే ఐసు వేరు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందుకే తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ఆదేశించింది. నీలం ఛాయ ఉన్న దిమ్మ కనిపిస్తే గ్లాసులో వేయరాదన్నమాట. రంగు లేనంత మాత్రాన మంచిదని నమ్మడానికీ లేదు. నీళ్లు గడ్డకట్టినంత మాత్రాన అందులోని క్రిములు చావవు. ఐసు కరగగానే మళ్లీ లేస్తాయి. కలరా, కామెర్లు, టైఫాయిడ్ నీళ్ల ద్వారా వచ్చినట్లే ఐసు ద్వారానూ వస్తాయి. ఎండాకాలంలో పిల్లవాడికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రి ఖర్చు ముందు కాఫీ దుకాణం బిల్లు ఏ మూలకు?

కనుక ఐసు ఇంట్లో చేసుకున్నదే వాడాలి. నీళ్లు కూడా కాచి చల్లార్చినవే ట్రేలో పోయాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఒక ఉపాయం ఉంది. కాచిన పాలు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, ఆ డబ్బాను బయటి ఐసులో దించాలి. ఐసు మీద గుప్పెడు రాళ్ల ఉప్పు చల్లితే పాలు త్వరగా చల్లబడతాయి. ఐసు పాలలో పడదు, డబ్బాకు బయటే ఉంటుంది. తీసేటప్పుడు డబ్బా మూతను, అంచులను మంచినీళ్లతో కడిగి తెరవాలి.

మిక్సీ లేకపోయినా, కరెంటు పోయినా పని ఆగదు. బిస్కెట్లను శుభ్రమైన గుడ్డలో మూటకట్టి చపాతీ కర్రతో నలగ్గొట్టాలి. గట్టి మూత ఉన్న డబ్బాలో చల్లని పాలు, చక్కెర, పొడి వేసి చేయి నొప్పి పుట్టేదాకా గిలక్కొడితే నురుగు వస్తుంది. గ్రీసులో మొదట చేసింది ఇలాగే. కవ్వం ఉన్నవారికి ఇంకా సులువు.

చక్కెర లెక్క

డబ్బు కంటే ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. దుకాణాల్లో అమ్మే బిస్కెట్ల శీతల పానీయాల్లో గ్లాసుకు చక్కెర 40 గ్రాములు దాటడం మామూలే. అంటే దాదాపు తొమ్మిది చెంచాలు. పానీయాల్లో, తినుబండారాల్లో కలిపే చక్కెర పెద్దవారికి రోజుకు 50 గ్రాములు మించరాదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. పిల్లలకు ఇంకా తక్కువే. బడుల్లో పిల్లలకు చక్కెర సంగతి తెలిపే బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మే నెలలో తన కిందనున్న బడులను ఆదేశించడానికి కారణం కూడా ఇదే.

పైన చెప్పిన విధంగా ఇంట్లో చేస్తే రెండు గ్లాసులకు కలిపి బిస్కెట్లలో సుమారు 9 గ్రాములు, రెండు చెంచాల చక్కెరలో మరో 9 గ్రాములు. గ్లాసుకు 9 గ్రాములే. క్రీము బిస్కెట్లు వాడితే ఆ లెక్క పెరుగుతుంది. వాటికి చక్కెర అసలు వేయకపోయినా తీపి చాలుతుంది. ఇంట్లో షుగరు జబ్బు ఉన్న పెద్దలు ఒక గుక్కే కదా అని పిల్లల గ్లాసు అందుకోవడం మంచిది కాదు. బిస్కెట్టులోని మైదా కూడా రక్తంలో చక్కెరను పెంచేదే. వారికి ఉప్పేసిన చల్ల ఉండనే ఉంది. పాలు పడని పిల్లలకు కూడా ఈ పానీయం పెట్టరాదు.

చేసిన పానీయం దాచిపెట్టుకునేది కాదు. ఎండాకాలంలో బయట పెడితే పాలు విరుగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా బిస్కెట్టు నాని ముద్దవుతుంది. ఎంతమంది ఉంటే అంతకే చేసుకోవాలి.

మరో మాట. మన ఇళ్లలో పచ్చడికీ, మసాలాకూ, దీనికీ ఒకటే జారు. వెల్లుల్లి వాసన ఉన్న జారులో పాలు పోస్తే పానీయం ఎవరూ ముట్టరు. ముందుగా గుప్పెడు బియ్యం వేసి పొడిగా ఆడించి పారబోసి, నిమ్మ తొక్కతో రుద్ది కడగాలి. పానీయం అయ్యాక బిస్కెట్ల ముద్ద కత్తి కింద చేరి ఎండిపోతుంది. మరునాడు అదే జారులో కొబ్బరి పచ్చడి రుబ్బితే తియ్యగా వస్తుంది. అందుకని గ్లాసులు పిల్లల చేతికి ఇచ్చిన వెంటనే జారులో గ్లాసెడు గోరువెచ్చని నీళ్లు పోసి ఒకసారి తిప్పి, బోర్లించి ఆరబెట్టాలి.