పాత కారు బేరం: దారిలో నష్టమైతే ఎవరి ఖాతా?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ప్రీమియర్ పద్మిని అంతకు ముందే నిలిచిపోయింది. కొత్త రాబడి లేదు గనుక ఉన్న నిల్వలోనే బేరాలు సాగాలి. ఈ బేరాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ కుదురుతున్నవి. నమూనా చూడనిదే మిరప బస్తా కొనని వర్తకులు సైతం ఫోటో చూసి బయానా పంపుతున్నారు.

కోల్‌కతా బండి విజయవాడలో తమ గుమ్మం ముందు దిగేవరకు పూచీ అమ్మకందారుదేనని కొనేవారు తలుస్తారు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం అలా చెప్పదు. అప్పగింతకు సిద్ధంగా ఉన్న ఫలానా బండికి షరతులు లేకుండా బేరం కుదిరితే, సొమ్ము చెల్లింపు, అప్పగింత తర్వాత జరిగినా, 20వ సెక్షన్ క్రింద హక్కు అప్పుడే మారుతుంది. 26వ సెక్షన్ ప్రకారం హక్కుతోపాటే నష్టభయమూ మారుతుంది. ఆపై లారీ బోల్తాపడినా నష్టం కొన్నవారి ఖాతాకే.

అయితే ఇది వేరే ఒప్పందం లేనప్పటి మాట. కనుక 'విజయవాడలో తనిఖీ అయిన పిమ్మటే హక్కు మారును' అని బయానాకు ముందే వ్రాయించుకోవాలి. అమ్మకందారు ఒప్పుకోకపోతే రవాణా బీమా తామే చేయించి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి.

ఛాసిస్, ఇంజన్ నెంబర్లు ఆర్.సి.తో సరిపోవాలి. పరరాష్ట్రపు బండికి అక్కడి రవాణా అధికారి నిరభ్యంతర పత్రం కావాలి. 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజిగా నమోదు చేయిస్తే, 2021 నిబంధనల ప్రకారం వ్యాపారానికి తిప్పరాదు. పెళ్ళిళ్ళ అద్దెకని కొనేవారు ఈ సంగతి చూసుకునే ధర కట్టాలి.